షాపులో వస్తువు వాపసు ఇచ్చాక డబ్బులు ఎన్ని రోజులకి పడతాయి, పడకపోతే ఎవర్ని పట్టుకోవాలి

షాపులో వస్తువు రిటర్న్ ఇచ్చేసి "డబ్బులు ఎప్పుడు పడతాయి బాబూ" అని అడిగితే కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "ఫైవ్ టు సెవెన్ వర్కింగ్ డేస్ సార్" అంటాడు. మీరు కార్డు గీకారా, ఫోన్‌పే కొట్టారా, ఈఎంఐలో తీసుకున్నారా అని ఏమీ అడగడు, అందరికీ అదే సమాధానం. నేను విజయవాడలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో అకౌంట్స్ చూస్తాను, రీఫండ్లు వెళ్ళేది మా టేబుల్ నుంచే, అందుకే ఆ ఒక్క మాట పట్టుకుని జనం ఎంత ఇబ్బంది పడతారో రోజూ చూస్తూ ఉంటా. ఎనిమిదో రోజు షాపుకి ఫోన్ చేస్తే "మేం పంపేశాం, బ్యాంకుని అడగండి" అంటారు, బ్యాంకుకి వెళ్తే "మాకేం రాలేదు, షాపుని అడగండి" అంటారు. ఆ మధ్యలో మీ పన్నెండు వేలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, అది చెప్దామనే ఇదంతా రాస్తున్నా.

ముందు సూటిగా రోజుల లెక్క చెప్పేస్తా. క్యాష్ ఇచ్చి కొన్నది అయితే క్యాష్ అక్కడికక్కడే ఇవ్వాలి, దానికి వారం ఆగమనడంలో అర్థం లేదు. యూపీఐ అయితే షాపు వాళ్ళు పంపాక చాలాసార్లు నిమిషాల్లో వచ్చేస్తుంది, లేటయితే రెండు మూడు పని దినాలు. డెబిట్ కార్డు ఐదు నుంచి ఏడు పని దినాలు. క్రెడిట్ కార్డు కూడా ఇంచుమించు అంతే, కొన్ని బ్యాంకులు పది దాకా లాగుతాయి. గిఫ్ట్ కార్డుతో కొంటే మళ్ళీ గిఫ్ట్ కార్డులోకే వెళ్తుంది, సగం గిఫ్ట్ కార్డు సగం యూపీఐ కట్టి ఉంటే రీఫండ్ కూడా రెండు ముక్కలుగా రెండు వేర్వేరు రోజుల్లో వస్తుంది, అప్పుడు ఒక ముక్క చూసి తక్కువ పడిందని కంగారు పడొద్దు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే ఈ రోజులన్నీ మీరు వస్తువు కౌంటర్ మీద పెట్టిన రోజు నుంచి కాదు, షాపు వాళ్ళు సిస్టమ్‌లో రీఫండ్ కొట్టిన రోజు నుంచి. ఆ రెండు తేదీల మధ్య ఒక్కోసారి వారం తేడా ఉంటుంది. పైగా పని దినాలు అంటే ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం, బ్యాంకు సెలవులు తీసేసి లెక్క. రెండో శనివారం ముందు శుక్రవారం సాయంత్రం రీఫండ్ కొట్టారనుకోండి, శని ఆది పోయాయి, లెక్క సోమవారం మొదలవుతుంది, ఏడు పని దినాలు పూర్తయ్యేసరికి ఆ పై సోమవారం వస్తుంది. వారం అన్నారు కదా అని మీరనుకున్నది క్యాలెండర్‌లో పది రోజులు. మధ్యలో దసరానో సంక్రాంతో తగిలితే ఇంకా పైనే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది. మీరు కార్డు పెట్టి పిన్ కొట్టగానే మీ బ్యాంకు డబ్బు కోసేస్తుంది, కానీ ఆ డబ్బు అప్పుడే షాపు చేతికి రాదు. రాత్రి షాపు మూసే ముందు మెషీన్‌లో సెటిల్మెంట్ కొడతాం, అంటే ఆ రోజు గీకిన కార్డులన్నీ ఒక బ్యాచ్‌గా మాకు మెషీన్ ఇచ్చిన బ్యాంకుకి వెళ్తాయి, మరుసటి పని దినం మా ఖాతాలో పడతాయి. కాబట్టి పొద్దున కొన్న వస్తువు అదే రోజు సాయంత్రం, సెటిల్మెంట్ కొట్టకముందే తీసుకొస్తే, మేం రీఫండ్ కొట్టక్కర్లేదు, వాయిడ్ కొడితే చాలు, ఆ లావాదేవీయే రద్దయిపోతుంది. వాయిడ్ అయితే డబ్బు చాలా త్వరగా వెనక్కి వస్తుంది, క్రెడిట్ కార్డులో అయితే ఆ ఎంట్రీయే మాయమైపోతుంది, డెబిట్ కార్డుకి అదే రోజో ఒకటి రెండు రోజుల్లోనో పడుతుంది. మరుసటి రోజు వచ్చారంటే వాయిడ్ కుదరదు, కొత్తగా రీఫండ్ అనే వేరే లావాదేవీ పుట్టాలి, అది మా బ్యాంకు నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే ఏదైతే ఆ నెట్‌వర్క్‌కి, అక్కణ్ణుంచి మీ బ్యాంకుకి, మీ బ్యాంకు నుంచి మీ ఖాతాకి నడవాలి. ఆ ఐదారు రోజులు పోయేది ఈ నడకలోనే.

అందుకే నా సలహా, వస్తువు బాలేదని ఇంటికెళ్ళగానే తెలిస్తే రేపు చూద్దాం అని వదలొద్దు, వీలైతే ఆ రాత్రే షాపు మూసేలోపు వెళ్ళండి, "ఇంకా సెటిల్మెంట్ కొట్టలేదుగా, వాయిడ్ చెయ్యండి" అనండి. ఆ మాట వినగానే మీకు విషయం తెలుసని కౌంటర్లో వాళ్ళకి అర్థమవుతుంది. కొన్నప్పటి కార్డే పట్టుకెళ్ళండి, మెషీన్ మళ్ళీ ఆ కార్డు అడగొచ్చు.

తర్వాత స్లిప్పు. దీని మీద కాస్త ఎక్కువే చెప్తా ఎందుకంటే సగం గొడవలు ఆ చిన్న కాగితం చూడకపోవడం వల్లే. రీఫండ్ కొట్టాక మెషీన్ నుంచి వచ్చే స్లిప్పులో పైన షాపు పేరు, దాని కింద టీఐడీ, ఎంఐడీ అని రెండు నంబర్లు (ఒకటి మెషీన్‌ది, ఒకటి షాపుది), తేదీ, టైము, మీ కార్డు చివరి నాలుగు అంకెలు, మధ్యలో పెద్ద అక్షరాల్లో లావాదేవీ రకం ఉంటుంది. అక్కడ వాయిడ్ అనో రీఫండ్ అనో ఉండాలి. సేల్ అని ఉందంటే కంగారులో కుర్రాడు నొక్కాల్సిన బటన్ కాకుండా వేరేది నొక్కాడు, మీకు డబ్బు రావడం పోయి ఇంకోసారి కోసేశారు. పండగ రోజుల్లో కౌంటర్ దగ్గర జనం తోసుకుంటున్నప్పుడు ఇది నిజంగానే జరుగుతుంది, అప్పుడే చూసి చెప్తే రెండు నిమిషాల్లో వాయిడ్ కొట్టి సరిచేస్తారు, ఇంటికెళ్ళి చూసుకుంటే మళ్ళీ వారం. ఆ కిందే ఆర్ఆర్ఎన్ అని పన్నెండు అంకెల నంబరు ఉంటుంది, అంటే ఆ లావాదేవీని వెతికి పట్టుకునే రిఫరెన్స్ నంబరు, మీకు ముఖ్యమైనది అదే. ఇది థర్మల్ కాగితం, పర్సులో పెట్టుకుంటే నెల తిరిగేసరికి తెల్లగా అయిపోతుంది, అందుకే కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దాంతోపాటు అసలు బిల్లు, వస్తువు వాపసు తీసుకున్నట్టు వాళ్ళిచ్చే రిటర్న్ బిల్లో క్రెడిట్ నోటో, అవి కూడా ఫొటో తియ్యండి.

స్లిప్పు ఏమీ ఇవ్వకుండా "మేనేజర్ గారు లేరు, మేం తర్వాత కొడతాం, మీరు వెళ్ళండి" అన్నారంటే మీ రీఫండ్ ఇంకా మొదలే కాలేదని అర్థం. చాలా చెయిన్ షాపుల్లో రీఫండ్ ఆప్షన్ కౌంటర్ వాళ్ళ చేతిలో ఉండదు, మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి, లేదంటే హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాలి, అక్కడ అప్రూవ్ అయ్యాక వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు రెండు మూడు రోజులవి కలిపి ఒకేసారి పంపుతారు. ఇది మోసమేం కాదు, పద్ధతి అలా ఉంది. కానీ ఆ సంగతి మీకు చెప్పాలి కదా, చెప్పకుండా ఏడు రోజులు అనేస్తే మీరు తప్పు తేదీ నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎన్ని రోజులు" కాదు, "ఈరోజే కొడుతున్నారా, లేకపోతే అప్రూవల్‌కి పంపుతున్నారా, కొట్టాక నాకు నంబరు ఎవరిస్తారు" అనేది.

ఇంకో సంగతి చెప్పాలి, చిన్న షాపుల్లో ఇది ఎక్కువ. రీఫండ్ డబ్బు సాధారణంగా మాకు రావాల్సిన తర్వాతి సెటిల్మెంట్‌లోంచే కోసుకుంటారు. ఆ రోజు షాపులో డిజిటల్ పేమెంట్లు తక్కువొచ్చి, రీఫండ్ పెద్దదైతే అది పెండింగ్‌లో ఆగిపోవచ్చు. షాపాయన మాత్రం బటన్ నొక్కేశా కదా, అయిపోయింది అనుకుంటాడు. మూడు నాలుగు రోజులయ్యాక ఒకసారి "మీ డ్యాష్‌బోర్డులో ప్రాసెస్డ్ అని ఉందా, పెండింగ్ అని ఉందా చూడండి" అని అడగండి, మర్యాదగా అడిగితే చూపిస్తారు.

టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఫోన్ల విషయంలో రీఫండ్ మొదలవడానికే టైం పడుతుంది. ప్యానెల్ మీద గీత వచ్చిందని టీవీ వెనక్కి తీసుకొస్తే షాపు వాళ్ళు వెంటనే తీసుకోరు, కంపెనీ టెక్నీషియన్ ఇంటికొచ్చి చూసి రిపోర్టు రాయాలి. ఫోన్ అయితే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి డీఓఏ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అంటే బాక్సు తెరిచినప్పుడే చెడిపోయి ఉందని వాళ్ళు రాసివ్వాలి. దానికి కంపెనీ పెట్టిన గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. ఆ కాగితం మీద కూడా చాలాసార్లు ముందు ఇచ్చేది వేరే పీసే, డబ్బు కాదు, మీకు డబ్బే కావాలంటే ఆ మాట మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పండి. కంప్లైంట్ పెట్టగానే ఎస్ఎంఎస్‌లో వచ్చే సర్వీస్ రిక్వెస్ట్ నంబరు జాగ్రత్త, మీరు గడువులోపే చెప్పారని రుజువు అదే.

బట్టల షాపుల్లో ఇంకో రకం. మార్పిడి చేస్తాం కానీ డబ్బు ఇవ్వం అని బోర్డే ఉంటుంది, ఆషాఢం సేల్లో కొన్నవైతే మార్పిడి కూడా ఉండదు. చీరకి ఫాల్ కుట్టించాక, బ్లౌజ్ ముక్క కత్తిరించాక ఎవరూ తీసుకోరు, అది న్యాయమే. రంగు నచ్చలేదు, ఇంట్లో వద్దన్నారు అని వెళ్తే డబ్బు వెనక్కి ఇచ్చి తీరాలని షాపుని నిలదీసే చట్టం మనకి లేదు, వాళ్ళ పాలసీ ఏదైతే అదే, అందుకే కొనే ముందే అడగాలి. కానీ వస్తువులో లోపం ఉంటే లెక్క మారిపోతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వెనక్కి తీసుకుని, బిల్లు మీద రాసిన గడువులోపు, బిల్లు మీద గడువేమీ లేకపోతే 30 రోజుల్లోపు డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి కుట్టు ఊడిపోయిన డ్రెస్ పట్టుకెళ్తే "క్రెడిట్ నోట్ ఇస్తాం, ఆర్నెల్లలో ఏదైనా కొనుక్కోండి" అన్నారని తలూపి తీసేసుకోకండి. ఒకసారి తీసుకున్నాక డబ్బు అడగడం కష్టం. డబ్బు తిరిగిచ్చేటప్పుడు జీఎస్టీతో కలిపి మీరు కట్టిన మొత్తం ఇవ్వాలి, జీఎస్టీ గవర్నమెంటుకి కట్టేశాం అనే మాట చెల్లదు, షాపు తన జీఎస్టీ లెక్కల్లో క్రెడిట్ నోట్ వేసి ఆ పన్ను సర్దుబాటు చేసుకోవచ్చు.

యూపీఐ విషయానికొద్దాం, ఇప్పుడు ఎక్కువమంది కట్టేది అలాగే కదా. కిరాణా కొట్టులోనో, బీసెంట్ రోడ్డులో చెప్పుల బండి దగ్గరో అతికించిన క్యూఆర్ సొంత ఖాతాదైతే అక్కడ రీఫండ్ అనే పద్ధతే లేదు, ఆయన మీ నంబరుకి మామూలుగా డబ్బు కొట్టాలి, నిలబడి ఉండగానే వచ్చేస్తుంది, "రాత్రికి కొడతా" అంటే మాత్రం మర్చిపోతారు, అక్కడే కొట్టించుకోండి. పెద్ద షాపుల్లో మెషీన్ మీద ప్రతి బిల్లుకీ ఒక కొత్త క్యూఆర్ వస్తుంది చూడండి, అది షాపు ఖాతాది, దానికి రీఫండ్ మీరు ఏ ఖాతాలోంచి కట్టారో ఆ ఖాతాకే వెళ్తుంది. ఫోన్‌పేలో మీకు మూడు బ్యాంకులు లింక్ అయి ఉంటే ఏ బ్యాంకుతో కట్టారో చూసుకుని ఆ బ్యాంకు స్టేట్‌మెంటే చూడండి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి లింక్ చేసి కట్టి ఉంటే డబ్బు కార్డులోకే వెళ్తుంది, బ్యాంకు ఖాతాలో వెతికితే ఎన్నాళ్ళకీ కనపడదు.

ఎలా కట్టారో అలానే వెనక్కి వెళ్తుంది అనేది కార్డులకీ వర్తిస్తుంది. కార్డుతో కొన్నదానికి నగదు ఇవ్వమంటే షాపు ఇవ్వకపోవడం మొండితనం కాదు, కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనే అది. మా షాపుకి ఒక పెద్దావిడ వెట్ గ్రైండర్ వాపసు ఇచ్చాక డబ్బు పడలేదని పాస్‌బుక్కు పట్టుకుని మళ్ళీ వచ్చారు. "అమ్మా, ఏ కార్డుతో కొన్నారు" అంటే "మా అబ్బాయి కార్డు బాబూ, వాడు బెంగళూరులో ఉంటాడు, పోయిన నెల వచ్చినప్పుడు కొనిచ్చి వెళ్ళాడు" అన్నారు. డబ్బు ఆ అబ్బాయి ఖాతాలో ఎప్పుడో పడింది, ఆయన చూసుకోలేదు. ఇవతల ఈవిడ పాస్‌బుక్ ప్రింట్ కోసం బ్యాంకు చుట్టూ తిరిగారు. ఆవిడకి మొదటి రోజే కౌంటర్లో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదైనా కొనిచ్చి ఊరెళ్ళిపోయేవాళ్ళు, అది వాపసు చేస్తే డబ్బు ఎక్కడికొస్తుందో చెప్పి వెళ్ళండి.

పాత కార్డు బ్లాక్ అయ్యి కొత్తది వచ్చిందని భయం అక్కర్లేదు, డెబిట్ కార్డు మారినా వెనక ఖాతా అదే కాబట్టి మామూలుగా బ్యాంకు అందులోకే వేస్తుంది. ఖాతానే మూసేసి ఉంటే మాత్రం ఆ డబ్బు తిరిగి షాపు బ్యాంకుకి వెళ్ళిపోవచ్చు, అప్పుడు ఖాతా మూసినట్టు కాగితం, కొత్త ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు ఇచ్చి నెఫ్ట్ చెయ్యమని అడగాలి.

క్రెడిట్ కార్డు వాళ్ళకి ఒక జాగ్రత్త. రీఫండ్ వస్తుందిలే అని బిల్లు కట్టడం ఆపొద్దు. గడువు తేదీకి రీఫండ్ పడకపోతే పూర్తి బిల్లు కట్టేయండి, లేకపోతే వడ్డీ, లేట్ ఫీజు మీ మీదే పడతాయి. కార్డుల మీద ఆర్బీఐ నిబంధనల ప్రకారం గడువు తేదీలోపు వచ్చిన రీఫండ్‌ని, మీరు ఇంకా బిల్లు కట్టి ఉండకపోతే, కట్టాల్సిన మొత్తంలోంచి బ్యాంకు వెంటనే తగ్గించాలి. మీరు బిల్లు కట్టేశాక రీఫండ్ వస్తే అది కార్డులో మిగులుగా ఉంటుంది, దాన్ని నా బ్యాంకు ఖాతాకి పంపండి అని అడిగితే మూడు పని దినాల్లో పంపాలి. ఈ సంగతి చాలామందికి తెలీదు, వేలకి వేలు కార్డులో మిగులుగా ఉంచేసుకుంటారు.

ఈఎంఐలో కొన్నవి ఇంకా చిక్కు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే షాపు పంపిన రీఫండ్ కార్డులో జమ అవుతుంది కానీ ఈఎంఐ దానంతటదే ఆగుతుందని నమ్మకం లేదు, బ్యాంకుకి ఫోన్ చేసి రీఫండ్ వచ్చింది, ఈఎంఐ క్యాన్సిల్ చెయ్యండి అని మీరే చెప్పాలి. ప్రాసెసింగ్ ఫీజు, అప్పటికే బిల్లులో పడిన వడ్డీ మీద జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు, నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే. ఫైనాన్స్ కంపెనీ లోన్ మీద తీసుకుంటే డబ్బు మీకు రాదు, షాపు వాళ్ళు ఆ డీఓ, అంటే లోన్ ఓకే అయ్యిందని ఫైనాన్స్ కంపెనీ షాపుకిచ్చే డెలివరీ ఆర్డర్, క్యాన్సిల్ చేసి ఫైనాన్స్ కంపెనీకి తిరిగి పంపాలి, మీరు కట్టిన డౌన్ పేమెంట్ మాత్రం మీకొస్తుంది. క్యాన్సిల్ అయ్యేలోపు మొదటి ఈఎంఐ తేదీ వస్తే ఖాతాలో డబ్బు ఉంచండి, బౌన్స్ అయితే ఛార్జీలు పడతాయి, సిబిల్ కూడా దెబ్బ తింటుంది. లోన్ మూసినట్టు లెటర్ చేతికొచ్చేదాకా ఆ పని అయిపోయిందనుకోవద్దు.

రీఫండ్‌తో కలిపేసుకునే ఇంకోటి ఉంది, ఫెయిలైన లావాదేవీ. కార్డు పెట్టారు, ఫోన్‌కి డబ్బు కోసినట్టు మెసేజ్ వచ్చింది, మెషీన్‌లో మాత్రం స్లిప్పు రాలేదు. ఇది షాపు ఇచ్చే రీఫండ్ కాదు, షాపు చేతికి డబ్బే రాలేదు. దీనికి ఆర్బీఐ 2019 సెప్టెంబర్ సర్క్యులర్‌లో గట్టి రూల్ ఉంది, లావాదేవీ జరిగిన రోజు కాకుండా ఐదు రోజుల్లో బ్యాంకు దానంతటదే డబ్బు వెనక్కి వెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం మీరు అడగకుండానే జమ చెయ్యాలి. యూపీఐలో షాపుకి కట్టినప్పుడు డబ్బు కోసి షాపుకి కన్ఫర్మేషన్ రాకపోయినా అదే ఐదు రోజులు, అదే 100. ఈ 100 రూపాయల రూల్ షాపు ఇష్టపూర్వకంగా ఇచ్చే రీఫండ్‌కి వర్తించదు, అక్కడ అడిగి లాభం లేదు. ఫెయిల్ అయినప్పుడు వెంటనే రెండోసారి కట్టెయ్యకుండా ఆ క్యాషియర్‌ని మెషీన్‌లో చివరి లావాదేవీ స్టేటస్ చూడమనండి, రెండు నిమిషాలు ఆగితే చాలాసార్లు తేలిపోతుంది.

సరే, ఏడు పని దినాలు అయిపోయాయి, డబ్బు లేదు. ముందు మెసేజ్ రాలేదని కాకుండా స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, క్రెడిట్ కార్డు అయితే ఇంకా బిల్లు కాని లావాదేవీల్లో చూడండి. షాపు బోర్డు మీద పేరు వెతక్కండి, స్టేట్‌మెంట్‌లో చాలాసార్లు దాని వెనకున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు ఉంటుంది, మొత్తంతో వెతకండి. కొన్నప్పుడు బ్యాంకు ఆఫర్‌లో ఇన్‌స్టంట్ డిస్కౌంట్ వచ్చి ఉంటే మీకొచ్చేది మీరు కట్టిన తగ్గించిన మొత్తమే, బిల్లు మీద పై అంకె కాదు.

అప్పటికీ కనపడకపోతే షాపుకి మెయిల్ పెట్టండి, ఫోన్ కాదు. కార్డు అయితే ఏఆర్ఎన్ ఇవ్వండి అని అడగండి, ఇది ఇరవై మూడు అంకెల నంబరు, రీఫండ్ షాపు బ్యాంకు దాటి నెట్‌వర్క్‌లోకి వెళ్తేనే పుడుతుంది. యూపీఐ అయితే రీఫండ్‌కి సంబంధించిన పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు, కొన్నప్పటిది కాదు, రీఫండ్‌ది. ఇక్కడే మొత్తం తేలిపోతుంది. నంబరు ఇచ్చారంటే డబ్బు షాపు చెయ్యి దాటింది, ఆ నంబరు పట్టుకుని మీ బ్యాంకుకి వెళ్ళండి, వాళ్ళు మాకేం రాలేదు అనడానికి వీలుండదు, ఆ నంబరుతో వెతికి చెప్పాలి. నంబరు ఇవ్వకుండా "పంపాం సార్, వస్తుంది సార్" అని సాగదీస్తుంటే డబ్బు ఇంకా షాపు దగ్గరో షాపు బ్యాంకు దగ్గరో ఉంది, మీ బ్యాంకు చుట్టూ తిరగడం దండగ, షాపునే పట్టుకోండి.

ఈ దశలో జనం చేసే ప్రమాదకరమైన పని గూగుల్‌లో ఆ షాపు కస్టమర్ కేర్ నంబరు వెతకడం. అక్కడ దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు, రీఫండ్ రావాలంటే ఈ యాప్ వేసుకోండి, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి, పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, స్క్రీన్ షేర్ అస్సలు అక్కర్లేదు. బిల్లు మీద అచ్చయిన నంబరుకే చెయ్యండి. పొరపాటున డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండు ముక్కలు, అక్కడ క్రెడిట్ కార్డుతో కొన్నది వాపసు తీసుకున్నాక షాపు ఏడు బిజినెస్ డేస్‌లో కార్డు కంపెనీకి క్రెడిట్ పంపాలి, వాళ్ళు అందిన మూడు బిజినెస్ డేస్‌లో మీ ఖాతాలో వెయ్యాలి, ఇది ఫెడరల్ రూలే. బ్రిటన్‌లో లోపమున్న వస్తువుకి రీఫండ్ ఇస్తామని ఒప్పుకున్నాక 14 రోజుల్లో ఇవ్వాలి. ఇండియా వచ్చినప్పుడు ఆ దేశపు కార్డుతో ఇక్కడ షాపింగ్ చేసి వాపసు ఇస్తే డాలర్ రేటు మారి ఉంటుంది కాబట్టి పైసా తేడా లేకుండా రాదు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

మెయిల్ పెట్టి వారం అయినా షాపు పలక్కపోతే రెండు దార్లు. కార్డుతో కట్టి ఉంటే మీ బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం ఉంటుంది, అందులో క్రెడిట్ నాట్ ప్రాసెస్డ్ (అంటే రావాల్సిన రీఫండ్ జమ కాలేదు) అనే కారణం ఎంచుకుని రిటర్న్ బిల్లు, రీఫండ్ స్లిప్పు ఫొటో జతచెయ్యండి. దీనికి గడువు ఉంటుంది, నెలల తరబడి ఆగితే చేజారిపోతుంది. రెండోది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, 1915, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. వాళ్ళు కంప్లైంట్‌ని షాపు కంపెనీకి పంపుతారు, పెద్ద చెయిన్ షాపులైతే ఆ కంప్లైంట్లు చూడ్డానికే మనిషిని పెట్టుకుంటాయి కాబట్టి చాలావరకు అక్కడే తెగిపోతుంది. తప్పు బ్యాంకుదే అని తేలితే బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు చూసి, సమాధానం రాకపోయినా నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, సందేహాలుంటే 14448. షాపు మీద కంప్లైంట్ మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఇవేవీ పని చెయ్యకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువు విలువ 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, లాయర్ పెట్టుకోవాలని రూలేం లేదు, మీరు కొన్న ఊళ్ళోనే వెయ్యాలని కూడా లేదు, హైదరాబాదులో కొని శ్రీకాకుళంలో ఉంటుంటే శ్రీకాకుళంలోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చెయ్యొచ్చు. అందులో పెట్టాల్సినవి అసలు బిల్లు, రిటర్న్ బిల్లు, స్లిప్పు ఫొటో, షాపుకి పెట్టిన మెయిల్స్, వస్తువు ఇచ్చిన తేదీ నుంచి ఇవాళ్టి దాకా మీ బ్యాంకు స్టేట్‌మెంట్. స్టేట్‌మెంట్ బ్యాంకు యాప్ నుంచి పీడీఎఫ్ దించుకోండి, స్క్రీన్‌షాట్లు వద్దు.